చూడనివి: ఒకటి

ఏది పాడైనా ముందు విప్పేసి, తర్వాత ఆలోచించే రకం కాబట్టి చుట్టాలందరూ అతనికి స్క్రూడ్రైవరు అని పేరు పెట్టారు. ఆ ఆదివారం మధ్యాహ్నం స్క్రూడ్రైవరు తన హాల్లో టీవీ కింద చిన్న కంప్యూటరు అమర్చి, వైర్లన్నీ వెనక్కి దోపి, బొమ్మ బాగా కనబడాలని కర్టెన్లు మూసేశాడు. సినిమాలు, పాటలు, ఫొటోలు అన్నీ ఇక ఒక్క రిమోటుతో వచ్చేస్తాయి. చూడ్డానికి వదినని కూడా పిలిచాడు. ఆవిడ వంటింట్లో టీ పెడుతోంది.

పిలిచాడే గానీ, ఆవిడ ముందు తలెత్తాలంటేనే అతనికి ముఖం చెల్లదు. అన్నయ్య మంచం పట్టిన నాలుగు నెలలూ కూతురి కోసం రోజుకో కథ చెప్పి రికార్డు చేశాడు. ఆయన పోయాక వదిన ఆ హార్డ్ డిస్కు తెచ్చి, "ఇంకో కాపీ తీసిపెట్టు నాయనా, నాకివి తెలియవు" అంది. మన ఘనుడు కాపీ చేసింది షార్ట్‌కట్లని. పేర్లున్న గుర్తులే వచ్చాయి, కథలు రాలేదు. ఒక్కటైనా తెరిచి చూస్తేగా! పని అయిపోయిందనుకుని, పాత డిస్కు మొత్తం చెరిపేసి సినిమాలు నింపుకున్నాడు.

తెలిసొచ్చాక, "డిస్కు చెడిపోయింది వదినా, పాతది కదా" అనేశాడు. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. "పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని ఆవిడే అతన్ని ఓదార్చింది. ఆరు నెలలైనా ఆ మాట గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఇప్పుడు కంప్యూటరుకి తగిలించింది ఆ డిస్కే. తెర మీద సినిమాలన్నీ వరసగా పేర్చుకున్నాయి. అన్నిటికన్నా కింద ఒక నల్లటి గడి. పేరు లేదు. "చూడనివి: ఒకటి" అని మాత్రం ఉంది.

నొక్కాడు.

ఏమీ కనబడలేదు. స్పీకర్లలోంచి గురగురమని ఊపిరి... హాల్లో ఫినాయిలు, మందులు, మాసిన దుప్పటి కలిసిన వాసన. ఆ తర్వాత దగ్గు. అది అన్నయ్య దగ్గు.

"తమ్ముడూ... చెప్పావా?"

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ప్లగ్గు పీకేశాడు. ఊపిరి ఆగలేదు.

"ఎవరు మాట్లాడేది?" వంటింట్లోంచి వదిన అడిగింది.

"ఎవరూ లేరు వదినా... సౌండు చూస్తున్నా."

మళ్లీ అబద్ధం.

కరెంటు లేని తెర వెలిగింది. అందులో ఇదే హాలు. ప్లగ్గు పట్టుకుని నేల మీద చతికిలబడ్డ తనే కనబడుతున్నాడు... వెనక సోఫాలో అన్నయ్య. దుప్పటి కప్పుకుని, తన వీపు వంకే చూస్తూ...

చటుక్కున వెనక్కి తిరిగాడు. సోఫా ఖాళీ. గుమ్మంలో టీ కప్పులతో వదిన.

ఇక దాచడం అతని వల్ల కాలేదు. "డిస్కు చెడిపోలేదు వదినా. నేనే... చూసుకోకుండా చెరిపేశాను. అబద్ధం చెప్పాను." చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

వదిన కప్పులు బల్ల మీద పెట్టింది.

"తెలుసు. ఆయన చెప్పారు. నీ నోటితో విందామని ఆగాను."

ఆవిడ సోఫా వైపు తిరిగింది.

"ఒప్పుకున్నాడు కదండీ... ఇక వదిలెయ్యండి."

కాసేపు తలొంచుకుని విన్నది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"నేను చెబితే వినడం లేదు," అంది చాలా మెల్లగా. "నీకేదో చెప్పాలట... నన్ను బయటికి వెళ్లమంటున్నారు."

వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

సోఫా మెత్త నొక్కుకుపోయిన చోటు మెల్లగా పైకి లేచింది. నేల మీద దుప్పటి ఈడుస్తున్న చప్పుడు... అతని దాకా వచ్చి ఆగింది.