గంటల దీవిలో మావయ్యగారు

"కరివేపాకు లేకుండా పోపేంటండీ, కిందకెళ్ళి నాలుగు రెబ్బలు పట్రండి" అని వంటింట్లోంచి అనేసి, వెంటనే నాలిక్కరుచుకుంది అన్నపూర్ణేశ్వరి.

హాల్లో చెప్పుల్లో కాలు పెట్టబోయిన భీమేశ్వరరావుగారు కొడుకు వైపు చూశారు. పృథ్వీరాజ్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "మీరొద్దు నాన్నగారూ. గార్డు భయ్యాకి చెప్తాను, తెచ్చిస్తాడు" అన్నాడు. పెద్దాయన చెప్పులు వదిలేసి, గదిలోకి వెళ్ళి తలుపు జేరవేసుకున్నారు.

రిటైరై, ఆర్.కె. పురంలోని ప్రభుత్వ క్వార్టర్ ఖాళీ చేసి, మయూర్ విహార్‌లో కొడుకు దగ్గరికి ఈ ఎండాకాలంలోనే వచ్చారు. ఇక్కడి అపార్ట్‌మెంట్ల సొసైటీలో బ్లాకులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కొత్తల్లో ఒక సాయంత్రం ఆయన షికారుకెళ్ళి, పక్క బ్లాకులో అదే అంతస్తు ఎక్కి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికెళ్ళి సోఫాలో కూర్చుని, "అన్నపూర్ణా, కాస్త కాఫీ" అన్నారు. ఆ ఇంటి పంజాబీ ఆంటీ మంచిది కాబట్టి టీ ఇచ్చి మరీ ఫోన్ చేసింది. ఆ వారంలోనే మళ్ళీ దారి తప్పి, చీకటి పడేదాకా గేటు దగ్గర నిలబడిపోయారు.

ఇంకేముంది, పృథ్వీరాజ్ అది మతిమరుపు జబ్బేనని తేల్చేశాడు. శనివారానికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని, అందాకా తండ్రి ఒంటరిగా గడప దాటకూడదన్నాడు. ప్రేమ ఎక్కువైతే కొడుకులు కూడా పోలీసులవుతారు. అసలు దెబ్బ అది కాదు. పెద్దాయన కూడా అది నిజమని నమ్మేశారు. "నాకు మతి పోతోంది అన్నపూర్ణా" అని ఆయన భార్యతో అన్న రోజున ఆవిడ ముద్ద ముట్టలేదు.

గదిలోంచి టంగ్‌మని గంట మోగింది. కాసేపటికి మరొకటి. పృథ్వీరాజ్ లేచి తలుపు తోశాడు. తండ్రి మంచం మీద కూర్చుని, ట్యాబ్‌లో ఏదో కొండదారి మీద బొమ్మను నడిపిస్తున్నారు.

"భానూ, ఏంటిది?"

అతని భార్య భానుశ్రీ పక్క గదిలోంచి వచ్చింది. నోయిడా కంపెనీలో ఉద్యోగం చేస్తూ, తీరికలో ఒకరిద్దరు మనుషులే కూర్చుని తయారుచేసే చిన్న చిన్న పజిల్ గేములు ఆడి, ఎలా ఉన్నాయో ఒక తెలుగు సైటుకి రాస్తుంటుంది.

"నేనే ఇచ్చాను. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు మావయ్యగారు."

"అసలే ఆయనకి దారి తెలియట్లేదంటే, దారి వెతుక్కునే గేమిస్తావా? మీ నాన్నగారైతే ఇలాగే చేస్తావా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "మా నాన్నగారైతే ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసేదాన్ని కాదు."

"అమ్మాయినేమీ అనకురా" అన్నారు భీమేశ్వరరావుగారు ట్యాబ్ పక్కన పెట్టి. "ఈ వారం ఆ సైటుకి వెళ్ళే అభిప్రాయాలు నావి. నేను చెప్తుంటే తను రాస్తోంది."

పృథ్వీరాజ్ ఆ ట్యాబ్‌కేసి వంగి చూశాడు.

"మొదటిది పెట్టెలు నెట్టే ఆట. నచ్చలేదు. ఈ మూల్నించి ఆ మూలకి నెట్టడం ఆఫీసులో ఫైళ్ళతో బోల్డంత చేశాను. రెండోది నీళ్ళలో మునిగిన ఊరు. చూడ్డానికి బావుంది గానీ, సందు సందుకీ బాణం గుర్తు. వెనకాలే తిరుగుతూ 'ఇటు సార్, ఇటు సార్' అంటుంటే ఇక మనం వెతికేదేముంది? ఇదిగో, ఈ గంటల దీవి. మ్యాపు లేదు, బాణం లేదు. గంటలెక్కడున్నాయో వెతికి మోగించాలి. తిరిగిన చోటే తిరిగాను. సరే, మతి పోయింది కదా అనుకున్నాను."

"మరి?" అన్నాడు కొడుకు, తనకు తెలియకుండానే.

"ఓ మలుపులో పొరపాటున వెనక్కి తిరిగాను. అప్పుడే నడిచొచ్చిన దారి, కొత్తగా కనిపించింది. వెళ్ళేటప్పుడు ఒకలా ఉంటుంది, వచ్చేటప్పుడు ఒకలా ఉంటుంది. అప్పట్నించీ మలుపు మలుపుకీ వెనక్కి చూసుకుని వెళ్తున్నాను. నిన్న ఆఖరి గంటా మోగింది. ఇవాళ మళ్ళీ మొదట్నించి." ఆయన కొడుకు వైపు తిరిగారు. "ముప్ఫై ఏళ్ళు ఉద్యోగుల కోసం నడిపే చార్టర్డ్ బస్సులో ఆఫీసుకెళ్ళాన్రా. ఎక్కగానే నిద్ర. సాయంత్రం క్వార్టర్ ముందే దింపేవాడు. నేను దారి మర్చిపోలేదు పృథ్వీ. ఎప్పుడూ నేర్చుకోలేదు."

పృథ్వీరాజ్ వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ గుండెల మీద ఉన్న బరువు కాస్త పక్కకి జరిగినట్టనిపించింది. తప్పిపోయారని కంగారుపడ్డాడే గానీ, ఎలా తప్పిపోయారని ఆయన్ని ఒక్కసారీ అడగలేదు.

"శనివారం డాక్టరు దగ్గరికి వస్తాను, చూడనీ. ఇప్పుడు మాత్రం కరివేపాకుకి నన్ను వెళ్ళనీ."

"ఏదోటి తొందరగా తేల్చండి. పప్పు చల్లారిపోతోంది" అంది అన్నపూర్ణేశ్వరి కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

ఆయన దిగి వెళ్ళారు. పృథ్వీరాజ్ బాల్కనీలోకి పరుగెత్తాడు. పెద్దాయన బ్లాకు చివరిదాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగారు. "చూడు భానూ, ఆగిపోయారు" అని అతను చెప్పుల కోసం తడుముకునేలోపు ఫోన్ మోగింది.

"ఒరేయ్, బాల్కనీలన్నీ ఒకేలా ఉన్నాయి. నువ్వా ఎర్ర చొక్కాతో అక్కడే నిలబడు. కదలకు."

"అచ్ఛా నాన్నగారూ" అన్నాడు.

ఆయన మూల తిరిగి కనుమరుగయ్యారు. లోపల లాప్‌టాప్‌లో మీటింగుకి పిలుపు మోగి మోగి ఆగిపోయింది. భానుశ్రీ వచ్చి పక్కన నిలబడింది. "గొళ్ళెం మాట అనకుండా ఉండాల్సింది" అంది. "అన్నందుకే బాగుపడ్డాను" అన్నాడతను, చూపు మూల మీంచి తిప్పకుండా.

చివరికి ఆ మూలన తెల్ల జుట్టు కనిపించింది. ఆయన తలెత్తి, ఎర్ర చొక్కాను చూసి, కరివేపాకు కట్ట పైకెత్తి చూపించారు. పృథ్వీరాజ్ చెయ్యి ఊపబోయి, కదలొద్దన్న మాట జ్ఞాపకం వచ్చి ఆగిపోయాడు. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు.