ఇరవయ్యో పిల్ల

ప్రార్థన కాగానే పిల్లలు మేధాపట్టీలు నుదుటికి కట్టుకున్నారు. పరీక్షలు రద్దయి పాతికేళ్లయింది. పాఠం వింటుండగానే ఎవరికెంత అర్థమవుతోందో పట్టీ మెదడులోంచి చదివి, నూటికి ఇంతని అంకె వేస్తుంది. సర్కారు బడికైనా, ప్రైవేటు బడికైనా ఒకటే కొలత. కావాలని నోటితో తప్పు చెప్పినా, లోపలున్న నిజం దానికి తెలిసిపోతుంది.

ఎనభై దాటిన పిల్లను మర్నాడే ప్రైవేటువాళ్ల ‘ఎంపిక బడి’ బండి వచ్చి తీసుకుపోతుంది. ఇరవై మందికి తగ్గిన సర్కారు బడికి తాళం పడుతుంది. తిర్మలాపూర్ బడిలో మిగిలింది సరిగ్గా ఇరవై మంది.

లింబాద్రి సారు చూపు ఏడో తరగతి సుభద్ర పట్టీ మీద ఆగింది. వానకాలంలో డెబ్బై ఎనిమిది. ఇవాళ ముప్పై ఒకటి.

“సుభద్ర బుర్రకు తుప్పు పట్టింది సార్!” రజిత కిసుక్కున నవ్వింది.

“నీది ఎన్నడు మెరిసిందే?” అని పక్కపిల్ల అంటించింది.

మధ్యాహ్నం గంట కొట్టాక సారు సుభద్రను ఒక్కదాన్నే కూర్చోబెట్టాడు.

“పట్టీ తియ్యి బిడ్డా. ఏమైంది నీకు?”

“మీరే అన్నరు గద సార్, ఇంకొక్కరు పోతే బడి మూతేనని. మా చెల్లె రెండో తరగతే. దాన్ని ఆ ఎంపిక బడిల రానియ్యరు.”

ఎనభై దాటిన లావణ్యను బండెక్కించిన రోజు, ఉండబట్టలేక పిల్లల ముందు అనేసిన మాట అది.

“పట్టీని ఎట్ల మోసం చేసినవ్?”

“మోసం చేస్తే దొరుకుతం సార్. అర్థమైతున్నట్టు అనిపించంగనే లోపల్నే ఆపేస్త. ఒకట్నించి వంద దాక లెక్కపెడ్త. మొదట్ల మస్తు కష్టమయ్యేది.”

“ఇగ చాలు. బడి పోతే పోనీ.” సుద్దముక్కతో నేల మీద త్రిభుజం గీశాడు. “మూడు కోణాలు కలిపితే ఎంత?”

నిరుడు కాగితం మూలలు చించి, పక్కపక్కన పేర్చి, ఆ లెక్క చిన్నపిల్లలకు నేర్పింది సుభద్రే. ఇప్పుడు గీతల వంక చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి.

“లెక్కపెట్టకు బిడ్డా.”

“నేను పెడ్తలేను సార్. దానంతట అదే నడుస్తుంది. పొద్దుగాల అమ్మ ఏమో తెమ్మన్నది. అది గూడ అర్థం గాలే.”

లింబాద్రి సుద్దముక్క కింద పెట్టాడు.

“ఎట్ల ఆపాల్నో చెప్పుండ్రి సార్,” అని సుభద్ర చేతులు కట్టుకుని, పాఠం వినడానికి నిటారుగా కూర్చుంది.