యేసురాజు మెయిల్ పెట్టె

లిఫ్టులు బాగుచేసే కంపెనీకి ఆరంతస్తులు మెట్లెక్కి వెళ్లాల్సి రావడం ఏం ఖర్మో! ఆదివారం పొద్దున్నే, ముసురులో, లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని సృజన ఎక్కుతోంది. కింద లిఫ్ట్ తలుపు దగ్గర పనిముట్లు సర్దుకుంటున్న వాళ్లన్న తిరుమల్ నవ్వు దాచుకోలేదు.

"ఏందే సృజీ, గప్పుడే ఆయాసమా? జెర కూసోని కూసోని ఎక్కు."

"నవ్వకు. నీ లిఫ్ట్ నడిస్తే నాకీ తక్లీఫ్ ఉండకపోవు."

"ఇయ్యాల నడిపిస్తా. చాయ్ తాగొచ్చి గుంతల దిగుడే."

తిరుమల్ ఆ కంపెనీలో మెకానిక్. వెబ్‌సైట్లు, మెయిళ్లు ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు మార్చడం సృజన పని. అన్న చెప్పబట్టే ఈ పని ఆమెకు దొరికింది. పద్మారావు నగర్‌లోని ఆ పాత భవనంలో ఆదివారం క్లినిక్కులూ ట్యూషన్లూ బంద్. డాబా మీద లిఫ్ట్ యంత్రం గదిని ఆనుకుని వేసిన రేకుల గదే ఆఫీసు. అక్కడ యజమాని ఉదయ్ భాస్కర్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

ఆమె లాప్‌టాప్ తెరుస్తుంటే ఆరంతస్తుల కింది నుంచి చప్పుడు పైకి పాకి వచ్చింది. టక్ టక్... టక్. చాయ్‌కు పోయేముందు పానాతో ఇనుప కమ్మీ మీద తిరుమల్ కొట్టి చూసే దెబ్బలు. చిన్నప్పటి నుంచీ ఇంటి తలుపు కూడా అట్లాగే కొడతాడు, రెండు, కాస్త ఆగి ఒకటి. సృజనకు నవ్వొచ్చింది.

ఆ కంపెనీలో ఒక కట్టుబాటు ఉంది. మెకానిక్ లిఫ్ట్ కింది గుంతలోకి దిగేముందు ఫోన్లోంచి ఆఫీసుకు "లోపల" అని మెయిల్ పెట్టాలి. పైకొచ్చాక "బయట" అని పెట్టాలి. అది వచ్చేదాకా యంత్రం గదిలోని మెయిన్ స్విచ్ ఎవరూ ముట్టకూడదు. నోటిమాటనైతే రేపు ఎవడైనా కాదంటాడు, రాతను కాదనలేడు కదా!

వెబ్‌సైటూ, ఫైళ్లూ శనివారమే కొత్త సర్వర్‌కు చేరాయి. మిగిలింది మెయిలే. సృజన చిరునామాను కొత్త సర్వర్ వైపు తిప్పింది. అలా తిప్పాక కొన్ని గంటలు మెయిళ్లకు దారి తెలియదు. కొన్ని కొత్త ఇంటికి వస్తాయి, కొన్ని పాత ఇంటికే పోతాయి. అందాకా రెండు చోట్లా చూస్తుండాలి. నిద్రలో లేపి అడిగినా సృజన ఈ ముక్క చెబుతుంది.

"యేసురాజుది మాత్రం తేవద్దమ్మా," అన్నాడు ఉదయ్ భాస్కర్, తల ఎత్తకుండా. "అది పాతదాంట్లనే ఉండనీ. సాయంత్రం పాతది మొత్తం బంద్ చేసెయ్."

యేసురాజు సంగతి అన్న చెప్పగా ఆమెకు తెలుసు. రెండేళ్ల కిందట ఇదే గుంతలో, దిగొచ్చిన లిఫ్ట్ కింద నలిగి చచ్చిపోయాడు. "బయట" అని మెయిల్ వచ్చాకే స్విచ్ వేశామనీ, అతనే చెప్పకుండా మళ్లీ దిగాడనీ కాగితాల మీద రాసుకున్నారు.

సృజనకొక అలవాటు ఉంది. ముందు అన్నీ తెచ్చేస్తుంది, వద్దన్నవి తర్వాత తీసేస్తుంది. వేలు అలవాటుగా మీట నొక్కింది. యేసురాజు పెట్టె కూడా కొత్త సర్వర్‌లోకి వచ్చేసింది.

తీసేద్దామని తెరిచి, చదవసాగింది. "లోపల." "బయట. స్తోత్రం." "లోపల." "బయట. స్తోత్రం." ప్రాణంతో పైకొచ్చిన ప్రతిసారీ దేవుడికి ఒక మాట చెప్పుకున్నాడు పాపం. వందల మెయిళ్లలో ఒక్కటీ తప్పలేదు. చిట్టచివరిది మాత్రం, అతను పోయిన రోజుది, ఉత్త "బయట." అంతే.

స్తోత్రం లేదు.

మెకానిక్కులందరి పాస్‌వర్డులూ ఉదయ్ భాస్కర్ బల్ల మీది పుస్తకంలోనే ఉన్నాయి. ఇందాక తనకు చూపించాడు కూడా. ముందు స్విచ్ వేశాడు. తర్వాత, కింద మనిషి నలిగిపోయి ఉండగా, ఇక్కడ కూర్చుని యేసురాజు పేరు మీద ఆ "బయట" కొట్టాడు. ఇప్పుడు పాత సర్వర్‌తో పాటు దాన్నీ పూడ్చేయాలనుకుంటున్నాడు. ఎంత పాపిష్టి మనిషి!

ఆ పెట్టెలో అంకె మారింది. కొత్త మెయిల్. "లోపల." తేదీ ఈ రోజుది.

ఇంకొకటి... "లోపల."

"లోపల." "లోపల." "లోపల."

గదిలో గ్రీజు వాసన. దాని వెనకే పచ్చి నెత్తురు వాసన. సృజన తెర మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

ఉదయ్ భాస్కర్ ఫోన్ మోగింది. "ఆ, వాచ్‌మన్... డాక్టర్ సాబ్ వచ్చిండా? ఉండు, లిఫ్ట్ చాలు చేస్తా, ఆగుకుంటనైనా నడుస్తది." లేచాడు. "తిరుమల్ ఇంకా చాయ్ కాడనే ఉన్నట్టున్నడు. వాని 'లోపల' మెయిల్ వచ్చిందా, చూడమ్మా?"

ఆమె కొత్త సర్వర్‌లోని ఆఫీసు పెట్టె చూసింది. కొత్తది ఒక్కటే చూసింది.

"రాలే సార్."

అతను పక్కగదిలోకి వెళ్లాడు. అప్పుడు తట్టింది సృజనకు. పాత సర్వర్ తెరిచింది. అక్కడుంది మెయిల్, వచ్చి పది నిమిషాలయింది.

"లోపల. తిరుమల్."

"సార్! అన్న లోపలున్నడు! ఎయ్యకుండ్రి!"

యంత్రం అప్పటికే గుర్రుమంది.

కుర్చీ పడేసి పరుగెత్తింది. చక్రం తిరుగుతోంది, ఉక్కు తాళ్లు జారుతున్నాయి, లిఫ్ట్ దిగుతోంది. కింది నుంచి అన్న కేక... సన్నగా. ఉదయ్ భాస్కర్‌ను తోసేసి రెండు చేతులతో స్విచ్ కిందికి లాగింది. కరెంటు పోయింది. చక్రం ఆగలేదు.

"ఏందిది... ఏందిది..." అంటున్నాడతను.

తాళ్లు దిగే నేల కంత లోంచి ఒక చేయి పైకొచ్చింది. గ్రీజుతో నల్లగా ఉంది. వేళ్లు చదునుగా నలిగి ఉన్నాయి. ఎముకలు బయటికొచ్చిన ఆ వేళ్లతోనే అది ఉదయ్ భాస్కర్ మణికట్టు పట్టుకుంది.

లాగింది. అతని అరచేయి తాడుకూ చక్రానికీ నడుమ దూరింది. వేళ్లు పటపటమని విరిగాయి. మోచేయి పోయింది. అతను పెట్టిన కేకకు రేకులు అదిరాయి. సృజన అతని చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది, చొక్కా చిరిగి చేతికొచ్చింది. భుజం... మెడ... ముఖం. పుర్రె చిట్లిన చప్పుడు. వెచ్చని నెత్తురు ఆమె కళ్లలో పడింది.

చక్రం ఆగింది. ఇరుక్కుని, ఒక్కసారిగా ఆగిపోయింది.

తాళ్ల వెంట నెత్తురు కంతలోకి ధార కట్టింది.

సృజన మెట్ల మీద పడుతూ లేస్తూ దిగింది. నోట్లో ఒకటే మాట. అన్నా... అన్నా... లిఫ్ట్ ఆగింది, సమయానికే ఆగింది, ఆగే ఉండాలి. ఆరు, అయిదు, నాలుగు... మోకాళ్లు కొట్టుకుపోయాయి. వాచ్‌మన్ గేటు దాటి అరుస్తూ పరుగెడుతున్నాడు.

గుంత అంచు మీద రెండు చేతులు కనిపించాయి. తర్వాత తల. తిరుమల్ మెల్లగా పైకొచ్చాడు. పై నుంచి కారిన నెత్తురుతో ఒళ్లంతా తడిసి ఉంది, కానీ బతికే ఉన్నాడు! సృజన వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"రాలేదని నేనే చెప్పిన అన్నా... తప్పు నాదే... మాఫ్ చెయ్యి..."

అతను కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి.

"స్తోత్రం," అన్నాడు మెల్లగా.

ఇంట్లో ఎల్లమ్మకు కల్లు సాక పోసే మనిషి, మెడలో ఎల్లమ్మ దారం కట్టుకున్న మనిషి.

"ఏడ్వకు చెల్లెమ్మా," అన్నాడు. "పద, పోదాం."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అన్న ఆమెను సృజీ అని తప్ప పిలవలేదు.

సృజన జేబులో ఫోన్ కంపించింది, తీసి చూసింది. సరిచూసుకోవడానికి ఫోన్‌కు కలుపుకున్న కొత్త సర్వర్ నుంచి మెయిల్. పంపింది యేసురాజు.

"బయట. స్తోత్రం."

ఫోన్లోనే పాత సర్వర్ తెరిచింది. తిరుమల్ పేరు మీద ఒక్కటే ఉంది. "లోపల." దాని తర్వాత ఏమీ లేదు.

అతను ఆమె చేయి పట్టుకున్నాడు. గట్టిగా. గేటు వైపు నడిపించసాగాడు.

వెనక, గుంతలోంచి, ఇనుప కమ్మీ మీద ఎవరో కొట్టారు.

టక్ టక్... టక్.