సత్తవ్వ ఇద్దరు కొడుకులు

గోదావరిఖని కంపెనీ క్వార్టర్లో సత్తవ్వ పొద్దున్నే బియ్యం కడుగుతుండగా కూతురు శ్యామల హైదరాబాదు బస్సు దిగి వచ్చింది. చంకలో పిల్లాడు లేడు. ఐదు నెలల ఆ బాబు ఇరవై రోజులుగా ఆసుపత్రి అద్దాల గదిలో ఉన్నాడు. తోడుగా తండ్రి రాకేశ్ ఉన్నాడు.

"నిమ్ము తగ్గిందా బిడ్డా?" అన్నాడు సత్తవ్వ భర్త రాజలింగు. బొగ్గుబాయిలో పనిచేసి ఈమధ్యే రిటైరైన మనిషి. "పిలగాన్ని చలిల తిప్పితె గట్లనే అయితది. మీ అవ్వ తీరే నీకొచ్చింది."

సత్తవ్వ తల వంచుకుంది. శ్యామల తర్వాత పుట్టిన మగపిల్లలిద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. పెద్దవాణ్ని వేములవాడ జాతరకు ఎత్తుకుపోయి గాలి తగిలించావని, పథ్యం తప్పి చిన్నవాడికి పాలిచ్చావని పాతికేళ్లుగా ఆయన అంటూనే ఉన్నాడు. ఆమె నిజమేననుకుంది.

శ్యామల సంచిలోంచి రిపోర్టు తీసింది.

"చలి గాదు బాపూ. రోగంతోని కొట్లాడే కణాలు రక్తంల ఉంటయి. పెరుగుమని కబురొస్తె అందుకునే రిసెప్టర్లు వాటి మీద ఉంటయట. మనోనికి వాటిని తయారుజేసే జన్యువుల ఒక్క అక్షరం మారింది. కబురు అందక కణాలు పెరుగుతలేవు. గిది తల్లి నుంచి మగపిల్లలకొస్తదట. తమ్ముళ్ల సంగతి చెప్తె, వాళ్లకూ గిదే అయ్యుంటదన్నడు డాక్టరు. అవ్వకు గూడ రక్తపరీక్ష జెయ్యాలె."

రాజలింగు భార్య వైపు తిరిగాడు. "అంటె మల్ల మీ అవ్వ నుంచేనాయె!"

సత్తవ్వ చేతిలో గిన్నె ఆగిపోయింది. "మల్ల నేనేనా?"

శ్యామల గొంతు పెరిగింది. "నా కొడుక్కు నా నుంచొచ్చింది బాపూ. నన్ను గూడ అను! నేను చంపుతున్ననా వాణ్ని?"

"నువ్వేం జేసినవు బిడ్డా..."

"అవ్వ ఏం జేసింది మరి?"

రాజలింగు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"పిలగాడు బతుకుతడా?" అనడిగాడు చివరికి.

"రాకేశ్ ఎముకల మూలుగ ఎక్కిస్తరట. దారి ఉందన్నరు."

రాజలింగు లేచి వెళ్లి భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. "చిన్నోడు పోయిన నాడు నువ్వు రెండు దినాలు ముద్ద ముట్టలే. అప్పుడు గూడ నిన్నే అన్న. తప్పు నాది."

సత్తవ్వ భోరుమంది. శ్యామల కంగారుగా దగ్గరికొచ్చి పట్టుకుంది.

"ఇన్నేండ్లు తప్పు జేసిన అనే ఏడ్చిన బిడ్డా," అంది సత్తవ్వ. "నా పిల్లల కోసం ఇయ్యాలనే ఏడుస్తున్న."