తెర వెయ్యని అలంకారం

నాచారంలో దయాకర్ ఫోటో స్టూడియోకు ఒకటే కోటు. అదీ కంప్యూటర్లోనే ఉండేది. బనీనుతో వచ్చినవాడికి కూడా ఆ కోటు అతికించి, పాస్‌పోర్ట్ ఫోటోలో పెద్దమనిషిని చేసి పంపేవాడు.

ఆ వానాకాలం ఒక సీడీలో పాతకాలపు పాలరాతి విగ్రహాల ఫోటోలు దొరికాయి. ఒంటిమీద నూలుపోగు లేదు. దేవుడికి దీపం పెట్టి షట్టర్ తీసే మనిషికి వాటిని చూడాలంటే మొహమాటం. అలాగని తీసేయబుద్ధి కాలేదు. ఆ ముఖాల్లో అంత శాంతముంది. బట్టలు తొడిగితే సరిపోతుందనుకున్నాడు.

ఒక వీరుడికి జీన్స్, ఇంకొకరికి తన కోటు. ఒక అమ్మాయికి ఆకుపచ్చ చుడీదార్. ఆ అమ్మాయి బొమ్మను పెద్ద ప్రింటు తీసి షోకేసులో పెట్టాడు. వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

రెండ్రోజులకు హిమజ వానలో తడుస్తూ వచ్చింది. ఉప్పల్లో లేడీస్ టైలర్ దగ్గర పనిచేస్తుంది. సంబంధాలకు చూపించడానికని పోయిన నెల ఇక్కడే నిలువెత్తు ఫోటో దిగింది.

"గడ్డం జర ఎత్తు మేడం" అన్నాడు అప్పుడతను.

"ఇంకెంత ఎత్తాలె సార్? ఫ్యాన్ కనబడుతుంది" అంది ఆమె. ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నాడో.

ఇవాళ ఆమె నవ్వలేదు.

"గా బొమ్మ మీద డ్రెస్ ఎవరిది?"

"నెట్‌ల దొరికింది..." అబద్ధం నోట్లోనే ఆగింది.

"చేతి గుండీ సూడు. ఆకుపచ్చయి అయిపోతే ఎర్రది కుట్టిన. గది నా డ్రెస్. బట్టల్లేని బొమ్మకు తొడిగిన అని అందరికి చెప్పినవంట గదా. నీ బట్టలు బొమ్మకిచ్చి నువ్వేం కట్టుకుంటవే అని షాపుల నవ్వుతున్రు."

దయాకర్ ముఖం కందిపోయింది. "తప్పైంది."

"గిన్ని బట్టలుండంగ నావే ఎందుకు?"

"నీ ఫోటో మూసెయ్య మనసు రాలే. రోజూ తెరిచే ఉంటుండె."

"గుళ్లె అమ్మవారికి చీర మార్చేటప్పుడు సుత తెర వేస్తరు. నువ్వు రోడ్డు మీద మార్చినవ్" అని వానలోకి వెళ్లిపోయింది.

ప్రింటు చించేశాడు. మర్నాడు పొద్దున గుడిలో తెర వేస్తుంటే తలెత్తలేకపోయాడు. తను కప్పాలనుకున్నది రాతి సిగ్గునా, తన మనసునా? అమ్మవారిని అడిగాడు. తెర వెనక గాజుల చప్పుడు వినిపించింది.

గుడి నుంచి తిన్నగా ఉప్పల్ టైలర్ షాపుకు వెళ్లాడు. కుట్టు మిషన్లన్నీ ఆగాయి.

"ఆమెకేం తెల్వదు. అడగకుండ తీసుకున్న. నవ్వితే నన్ను చూసి నవ్వున్రి" అన్నాడు నేల చూస్తూ. ఎవరూ నవ్వలేదు. హిమజ కత్తెర పట్టుకుని అలాగే నిలబడింది.

ఆదివారం ఆమె స్టూడియో మెట్లెక్కింది. అదే ఆకుపచ్చ చుడీదార్, అదే ఎర్ర గుండీ.

"నా ఫోటో ఇంకెవలకు పంపొద్దని మా అమ్మకు చెప్పిన."

"ఎందుకు?"

"ఈసారి పిలగాని ఫోటో సూడాలంటుంది. కూసో. నేను దీస్త."

దయాకర్ స్టూలు మీద కూర్చున్నాడు. "కోటు..." అని గొణిగాడు.

"కోటు గీటు అతికిస్తే ఊకోను. గీ అంగీ మంచిగనే ఉంది."

సిగ్గుతో అతని తల కిందికే ఉంది. హిమజ కెమెరాలోంచి చూసింది.

"గడ్డం జర ఎత్తు, సార్."

ఎత్తాడు. ఫ్యాన్ కనబడలేదు.