పెట్టె మీద పేరు

ప్రింటర్ ఇంటికొచ్చిన రోజు నుంచీ మధులికకి అది రెండో అత్తగారైపోయింది. ఎప్పుడు పలుకుతుందో, ఎప్పుడు అలుగుతుందో తెలీదు. బహ్రెయిన్‌లోని జింజ్‌లో వాళ్ళది రెండు గదుల ఫ్లాట్. హాల్లో చెప్పుల స్టాండు మీద ప్రింటర్. వైఫైకి కలిపేశాక మొగుడి ల్యాప్‌టాప్‌కీ, తనదానికీ, ఏడేళ్ళ కూతురు సహస్ర చదువు కోసం కొన్న చిన్నదానికీ అదే దిక్కు. ఎవరు ఏ గదిలోంచి నొక్కినా కాగితం అక్కడే పడుతుంది. తీసేవాళ్ళు చూసి తీసుకోవాలి. ఆమె మొగుడు హరికిరణ్‌కి ఆ చూసుకోవడం ఒక్కటే చేతకాదు.

మనిషి మాత్రం బంగారం. లేబర్ క్యాంపుల్లో మనవాళ్ళెవరైనా పోతే, ఊరికి పంపే కాగితాల కోసం డ్యూటీ అయ్యాక తనే తిరుగుతాడు. టైపు చేసిపెట్టేది మధులిక. పోయిన వారం వెంకటి అనే తాపీ పనివాడు నిద్రలోనే పోయాడు. కరీంనగర్ వైపు మనిషి. ముప్పై రెండేళ్ళు.

సరిగ్గా అతని పెట్టె ఊరికి పంపే రోజే మధులిక పిల్ల ల్యాప్‌టాప్‌ని ప్రింటర్‌కి కలిపింది. పనిచేస్తుందో లేదో చూద్దామని వెంకటి కాగితాన్నే అందులో తెరిచింది. శవపేటిక మీద అంటించే కాగితం అది. 'ఎవరికి అప్పగించాలి' అన్నచోట ఇంకా ఖాళీగా ఉంది.

"నా పేరు కొట్టమ్మా! నా పేరు!" అని పక్కన సహస్ర ఒకటే గంతులు.

సరదాకి కొట్టింది. కాగితం రాగానే పిల్ల చప్పట్లు కొట్టింది. తర్వాత మధులిక తన ల్యాప్‌టాప్ నుంచి, వెంకటి తల్లి దుర్గవ్వ పేరుతో అసలుది తీసింది. ఇంతలో హరికిరణ్ వచ్చి, ట్రేలో దొరికింది దొరికినట్టు లాక్కుని, ఫ్లైట్‌కి టైమైపోతోందంటూ పరిగెత్తాడు.

ఇవాళ శుక్రవారం, సెలవే అయినా అతనికి ఓవర్‌టైం. బయట దుమ్ము లేచింది. మధ్యాహ్నం మూడింటికే కిటికీలు పచ్చగా మసకబారి, హాల్లో లైటు వేసుకోవాల్సొచ్చింది. సహస్ర లోపల నిద్రపోతోంది. ఏసీలోంచి మట్టి వాసన. దాని వెనకాలే ఇంకేదో... కర్పూరం, ఆసుపత్రి కలిసినట్టు.

ఊడుస్తుంటే స్టాండు వెనక ఒక కాగితం దొరికింది. దుర్గవ్వ పేరున్న కాగితం.

మరి పెట్టె మీద అంటించింది ఏది?

చీపురు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. దుర్గవ్వే. ఆమెకి గల్ఫంతా దుబాయే.

"బిడ్డా, దుబాయి నుంచి పెట్టె అయితే వచ్చింది. తెరవనియ్యలే. నలుగురు ఎత్తితే బరువే లేదన్నరు. మట్టి ఇచ్చినం గని... నా కొడుకు వచ్చినట్టే లేదు బిడ్డా. ఆడనే ఉన్నడా?"

"లేదమ్మా... పంపించాం," అని మధులిక ఎలాగో చెప్పి ఫోన్ పెట్టేసింది.

అప్పుడు ప్రింటర్ కదిలింది.

ఎవరూ ఏమీ నొక్కలేదు. పిల్ల ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోయి రెండు రోజులుగా బీరువా మీద పడి ఉంది. అయినా కాగితం వచ్చింది... నెమ్మదిగా. అదే కాగితం. ఎవరికి అప్పగించాలి: సహస్ర. అడుగున, అందుకున్నవారి వేలిముద్ర.

పసి బొటనవేలు. సిరా ఇంకా తడిగా ఉంది.

"అమ్మా..." లోపల్నుంచి గుసగుసగా వినిపించింది.

మధులిక ఒక్క ఉరుకున వెళ్ళింది. సహస్ర కళ్ళు తెరిచే ఉంది. బొటనవేలు సిరాతో నీలంగా ఉంది.

"లేవలేకపోతున్నానమ్మా. అంకుల్ నా మీద పడుకున్నారు."

"ఏ అంకులే?"

"ష్... లేస్తారు."

మంచం మీద ఇంకెవరూ లేరు. పరుపు మాత్రం నిలువెత్తు మనిషి పడుకున్నంత మేర కిందికి దిగి ఉంది. పిల్ల చంకల కింద చేతులేసి లాగింది. ఇరవై కిలోలు లేని పిల్ల... ఇసుమంతైనా కదల్లేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే. మొగుడికి చేస్తే ఫోన్ ఎత్తలేదు.

తప్పు ఏ దారిన పోయిందో ఆ దారినే దిద్దాలి అనిపించింది. పిల్ల ల్యాప్‌టాప్ దించి చార్జర్ పెట్టింది. తెర వెలిగేదాకా ఆమె నోట్లో ఆంజనేయ దండకం సగం సగం తిరుగుతూనే ఉంది. అదే కాగితం తెరిచి, కూతురి పేరు ఒక్కో అక్షరం చెరిపి, దుర్గవ్వ అని కొట్టి నొక్కింది. ప్రింటర్ చాలాసేపు ఆలోచించింది.

వచ్చిన కాగితాన్ని తెచ్చి పరుపు పల్లంలో పెట్టింది. "వెంకటీ... తప్పు నాది నాయనా. మీ అమ్మ అక్కడ ఎదురుచూస్తోంది. నా బిడ్డని వదిలెయ్యి. నీకు దణ్ణం పెడతాను."

ఏమీ కాలేదు.

తర్వాత... పరుపు మెల్లగా పైకి లేచింది. కర్పూరం వాసన తగ్గింది. మధులికకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఏడుస్తూనే పిల్లని ఎత్తుకుంది.

తేలిగ్గా వచ్చేసింది. మరీ తేలిగ్గా. ఉతికి ఆరేసిన గౌను ఎత్తినట్టుంది.

"సహస్రా!"

పిల్ల ఊపిరి తీస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పలకలేదు.

హాల్లో ఫోన్ మోగింది. పిల్లని భుజాన వేసుకునే వెళ్ళి ఎత్తింది.

"వచ్చిండు బిడ్డా!" దుర్గవ్వ వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నా కొడుకు వచ్చిండు. గడపల నిలబడ్డడు. నువ్వు సల్లగుండాలె." అంతలో గొంతు తగ్గించింది. "గని... వానెంట చిన్నపిల్ల ఒకతి వచ్చింది. బొటనేలుకు సిరా అంటుకొని ఉన్నది. అమ్మ కావాలని ఒకటే ఏడుస్తున్నది. ఎవరి పిల్ల బిడ్డా?"