కార్డు పాడవని రోజులు

ఆమె బోర్డును కౌంటర్ మీద పెట్టలేదు. దాదాపు విసిరింది.

"ఇది చచ్చిపోయింది. వేరేది ఇవ్వండి."

అరచేతిలో ఇమిడే కంప్యూటర్ అది. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో అలాంటివి అమ్మడం, పాడైతే చూడడం అతని పని. మాట పొదుపు మనిషి. అదే దుకాణంలో బిల్లులు వేసే అక్క అతనికి మూగనోము అని పేరు పెట్టింది. ఆ పేరుకు కూడా అతను ఏమీ అనలేదు.

బోర్డును తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సందుల నిండా మట్టి.

"ఈ మట్టేంటండీ?"

"మాది మొక్కల నర్సరీ. అక్కడ మట్టి కాక ఇంకేముంటుంది?"

అక్క తల వంచుకుని నవ్వు దాచుకుంది.

అతను బోర్డుకు కరెంటు ఇచ్చాడు. ఎర్ర దీపం వెలిగింది. దాని పక్కన ఆకుపచ్చ దీపం మిణుకుమనాలి. అది మాత్రం కిమ్మనలేదు. అంటే లోపలి మెమరీ కార్డులో చదవడానికి దానికేమీ దొరకలేదన్నమాట. వేలిగోరంత కార్డును బయటికి లాగి తన కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. అందులో ఒకే ఒక్క పెద్ద ఫైలు కదలకుండా కూర్చుని ఉంది.

"దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఆ లినక్స్, ఎలా ఎక్కించారు?"

"డౌన్‌లోడ్ చేశాను. కార్డులోకి కాపీ చేశాను. ఏం, అలా చేయకూడదా?"

"అలా ఎక్కదండీ. ఆ ఫైలును విప్పి కార్డు మీద రాయాలి. దానికి వేరే ప్రోగ్రామ్ ఉంటుంది. మీరు చేసింది ఎలా ఉందంటే..." అతను కాస్త వెతుక్కున్నాడు. "విత్తనాల ప్యాకెట్‌ను చింపకుండా కుండీలో పాతిపెట్టినట్టు."

ఆమె కోపం ఎటు పోవాలో తెలియక మొహంలోనే కాసేపు నిలబడిపోయింది.

"ఆ ముక్క డబ్బా మీద రాయొచ్చు కదా."

"రాశారండీ. చిన్న అక్షరాలతో."

"చిన్న అక్షరాలతో రాస్తే రాసినట్టు కాదు."

అతను కార్డు మీద లినక్స్ రాసి బోర్డులో పెట్టాడు. ఈసారి ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంది. తెర మీద అక్షరాలు గబగబా పరుగెత్తాయి. ఆమె ముందుకు వంగి చూస్తోంది. ఎడమ చెంప మీద సన్నగా మట్టి మరక. చెప్పాలా వద్దా అని అతను తేల్చుకునేలోపే ఆమె అదే చెంపను మళ్లీ తుడుచుకుని మరకను చెవిదాకా సాగదీసింది.

"ఇక్కడ పాస్‌వర్డ్ కొట్టండి."

కొట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది. "మీ కీబోర్డు కూడా చచ్చిపోయింది."

"లేదండీ. ఇక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనిపించదు. చుక్కలు కూడా పడవు. లోపల మాత్రం పడుతూనే ఉంటుంది."

"అంటే పైకేమీ తెలియనివ్వదన్నమాట."

"అవును."

"నీలాగే," అంది అక్క, ఎవరూ అడగకపోయినా.

ఆ పూట అతనికి ఆమె సంగతి కొంత తెలిసింది. నర్సరీలో ఉండేది తండ్రీ కూతురూ ఇద్దరే. తండ్రికి నడుంనొప్పి. బరువులు మోయొద్దని డాక్టర్ చెప్పాడు. ఆయనేమో నీళ్ల పైపును భుజాన వేసుకుని వరస వెంట వరస తిరుగుతూనే ఉన్నాడు. అందుకని ఆమె మట్టిలో గుచ్చే తేమ పుల్లలు కొంది, నీటి గొట్టానికి కరెంటు వాల్వు బిగించింది. మట్టి ఆరిపోతే ఈ బోర్డు వాల్వు తెరవాలి, తడవగానే మూయాలి. ఆయన కుర్చీలో కూర్చోవాలి. అంతే ఆమె కోరిక.

వారం తిరగకుండానే ఫోన్ వచ్చింది.

"మళ్లీ చచ్చిపోయింది."

అతను నర్సరీకి వెళ్లాడు. పైన పచ్చటి వల, కింద ట్రేల నిండా టమాటా, మిరప నారు. అడుగు పెడితే చాలు, తడి మట్టి వాసన. బోర్డును ఆమె ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి స్తంభానికి కట్టింది. పక్కనే దానికి తెరగా తగిలించిన పాత టీవీ. టీవీ మూలన పసుపుపచ్చని మెరుపు గుర్తు వచ్చి పోతోంది.

"ఈ గుర్తు చూడలేదా?"

"అలంకారం అనుకున్నాను."

"కరెంటు చాలడం లేదని మొత్తుకుంటోందండీ. ఫోన్ చార్జర్ పెట్టారు మీరు. దీనికి సరిపోదు."

"అది మొత్తుకుంటే మొత్తుకున్నట్టు ఉండాలి. బొమ్మ చూపిస్తే నాకేం తెలుస్తుంది?"

సరైన చార్జర్ పెట్టాడు. పాడైన కార్డును మళ్లీ రాశాడు. ఆమె టీ తెచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, అతను చేసేదంతా కన్నార్పకుండా చూసింది. అంతసేపు ఎవరైనా తన చేతుల వంక చూస్తే వేళ్లు తడబడతాయని అతనికి అప్పటిదాకా తెలియదు.

పని అయ్యేసరికి సాయంత్రమైంది. అప్పుడు ఆమె తండ్రి వచ్చాడు. సన్నటి మనిషి. గేటు పక్కన ఉన్న మెయిన్ స్విచ్‌ను టపీమని కిందికి లాగాడు. టీవీ ఆరిపోయింది, బోర్డూ ఆరిపోయింది.

"రోజూ ఇలాగే లాగుతారా?" అని అతను మెల్లగా అడిగాడు.

"రోజూనే. ఎప్పుడో తడి నేలలో నిలబడి మోటార్ ముట్టుకుంటే నాన్నను కరెంటు పట్టేసింది. అప్పటినుంచీ అంతే. గేటుకు తాళం మర్చిపోతాడేమో గానీ మెయిన్ మర్చిపోడు."

అతనికి సంగతి అర్థమైపోయింది. ఆ బోర్డు ఊరికే ఉండదు. క్షణక్షణం కార్డు మీద ఏదో ఒకటి రాసుకుంటూ ఉంటుంది. రాస్తుండగా కరెంటు తీసేస్తే కార్డు పాడవుతుంది. అదే ఆమెకు చెప్పాడు.

"అయితే మెయిన్ లాగొద్దని నాన్నకు చెప్పనా?"

"వద్దు. చుట్టూ నీళ్లు. ఆయన చేసేదే సరైన పని."

"మరి?"

ఆ ప్రశ్నకు జవాబు అతని దగ్గర ఉంది. బోర్డు కార్డు మీద రాయకుండా, తాళం వేసినట్టు చేయొచ్చు. అరగంట పని. ఆ తర్వాత కార్డు పాడయ్యే ప్రసక్తే ఉండదు. కార్డు పాడవకపోతే ఫోన్ రాదు. ఫోన్ రాకపోతే ఈ పచ్చటి వల కింద, ఈ బకెట్ ఎదురుగా తనకేం పని?

"చూద్దాం," అన్నాడు. "ప్రస్తుతానికి మళ్లీ రాసిచ్చాను కదా."

అలా మొదలైంది. కార్డు పాడవడం, ఆమె ఫోన్ చేయడం, అతను సంచి తగిలించుకుని బయల్దేరడం. దుకాణంలో అక్క ఊరుకుంటుందా.

"ఇంత తరచుగా పాడయ్యే కార్డు ఎక్కడ దొరుకుతుందయ్యా? నాకూ ఒకటి ఇప్పించు, పెట్టుకుంటా."

అతను తల గోక్కుని బయటపడేవాడు.

వెళ్లినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి నేర్చుకునేది. ఒకసారి కమాండ్ కొడితే అనుమతి లేదు పొమ్మంది బోర్డు.

"ముందు సూడో అని పెట్టండి."

"పెడితే వింటుందా?"

"నోరెత్తకుండా వింటుంది."

"మా నాన్నకు కూడా అలాంటి మాట ఒకటుంటే బాగుండు."

"నాకు వినపడింది," అన్నాడు తండ్రి మిరప నారు వెనక నుంచి.

నవ్వితే ఆమె కళ్లు సగం మూసుకుపోతాయి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. దారిలో తలుచుకుని ఒక్కడే నవ్వుకున్నాడు, అంతే.

ఒక మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. ఫోన్ వచ్చింది గానీ దుకాణంలో జనం. అతను వెళ్లేసరికి ఆలస్యమైంది. టమాటా నారు ట్రేలలో మెడలు వాల్చేసి ఉంది. ఆమె ఆ చివర బిందెతో నీళ్లు చల్లుతోంది. ఈ చివర ఆమె తండ్రి భుజాన పైపు వేసుకుని, ఒక చేత్తో నడుం పట్టుకుని, నడవలేక నిలబడిపోయాడు.

అతను పరుగున వెళ్లి పైపు అందుకున్నాడు.

"ఏం లేదబ్బాయ్," అన్నాడు ఆయన పళ్లు బిగించి. "కాస్త పట్టేసింది. అదే పోతుంది."

ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మిగిలిన వరసలన్నీ తానే తడిపాడు. అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఒక మాట చెప్పాలండీ. ఇది పాడవకుండా చేయొచ్చు. కార్డుకు తాళం వేసినట్టు చేస్తే, రాసుకునేదంతా మెమరీలో రాసుకుని కరెంటు పోగానే మర్చిపోతుంది. కార్డును ముట్టుకోదు. మెయిన్ ఎన్నిసార్లు లాగినా ఏమీ కాదు."

ఆమె చేతిలో బిందె అలాగే ఉండిపోయింది.

"ఇది నాకు ముందే తెలుసు," అన్నాడు అతను. "మీ నాన్నగారు మెయిన్ లాగడం చూసిన రోజునుంచే."

ఎందుకు చేయలేదని అడుగుతుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఎంతసేపు పడుతుంది?" అంది ఆమె, అతని వైపు చూడకుండా.

"అరగంట."

"చేయండి."

చేశాడు. చేశాక తానే వెళ్లి మెయిన్ లాగాడు, వేశాడు. మళ్లీ లాగాడు, మళ్లీ వేశాడు. వేసిన ప్రతిసారీ ఆకుపచ్చ దీపం ఏమీ జరగనట్టు లేచి మిణుకుమంది. పని అంత చక్కగా కుదిరినందుకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఆమె నేల మీద కూర్చుని వాడిన మొలకలు ఏరుతోంది. టీ మాట ఎత్తలేదు. అతను వెళ్లొస్తానంటే తల ఊపింది.

ఆ తర్వాత కార్డు పాడవలేదు.

ఫోన్ మోగినప్పుడల్లా అతను ఉలిక్కిపడేవాడు. ఎవరో వైర్లు అడిగేవారు, ఎవరో బ్యాటరీలు అడిగేవారు. రోజులు గడిచాయి. ఒకరోజు ఒకాయన చార్జర్ అడిగితే అతను తేమ పుల్ల తీసి ఇచ్చాడు. అక్క ఇక చూడలేకపోయింది.

"నర్సరీ కార్డు పాడైందా?"

"లేదు."

"ఫోన్ పాడైందా?"

"అదీ లేదు."

"మరి నీకేమైంది?"

అతను జరిగింది చెప్పాడు. అంత పొడుగు మాట అతని నోట అక్క వినడం అదే మొదలు.

"పని ఉందని పిలిస్తేనే వెళ్తావా? పిలవకపోతే వెళ్లడానికి కాళ్లు లేవా నీకు?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను అక్కా?"

"ఉన్నదొక్కటేగా. అదే పెట్టుకుని వెళ్లు."

అప్పటికే మబ్బు పట్టి ఉంది. అలవాటు కొద్దీ సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు. ఆగాడు. సంచి తీసి కౌంటర్ కింద పెట్టి, ఉత్త చేతులతో బయల్దేరాడు.

సగం దారిలో వాన పట్టుకుంది. అతను ఎక్కడా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. నర్సరీ చేరేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. వల మీద వాన చప్పుడు చెవులు నింపేస్తోంది. ఆమె లేత నారు ట్రేలను రేకుల కిందికి మోస్తోంది. అతను రెండో వైపు నుంచి మోయడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్క క్షణం ఆగి చూసి, మళ్లీ వంగింది.

ట్రేలన్నీ లోపలికి చేరాక తండ్రి కుర్చీలోంచి పిలిచాడు.

"ఏం అబ్బాయ్. మేమేం పిలవలేదే. నీ డబ్బా బాగానే పనిచేస్తోందే."

"తెలుసండీ."

"మరి?"

"ఊరికే వచ్చానండీ."

ఆయన అతన్ని కారుతున్న జుట్టు నుంచి బురద బూట్ల దాకా తాపీగా చూశాడు.

"ఊరికే వచ్చేవాడు ఇంత తడుస్తాడా?" అని, కుర్చీ చేతుల మీద ఊతం పెట్టుకుని లేచాడు. "నేను వెళ్లి టీ పెడతాను. నాకు సరిగ్గా రాదు. ఆలస్యమవుతుంది."

లోపలికి వెళ్తూ తలుపు దగ్గరగా వేశాడు కూడా.

ఇద్దరూ వాన వైపు చూస్తూ నిలబడ్డారు.

"సంచి తేలేదే," అంది ఆమె.

"లేదు. ఆ రోజు మీరు ఒక మాట అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని. ఎందుకు చేయలేదంటే, చేస్తే మళ్లీ రావడానికి నాకు దారి ఉండదని. అందుకు మీ నాన్నగారు పైపు మోశారు. అది నన్ను నిద్రపోనివ్వడం లేదు."

ఆమె తడిచేతులను కొంగుకు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులనే మళ్లీ తుడుచుకుంది.

"కార్డుకు తాళం వేయొచ్చని నాకూ తెలుసు."

"మీకా?"

"మీరు రెండోసారి వచ్చి వెళ్లాక నెట్‌లో వెతికాను. ఎలా చేయాలో మొదటి అక్షరం నుంచి చివరి దాకా అప్పజెప్పగలను."

"మరి చేయలేదే?"

"చేస్తే మీరు వస్తారా?"

అతనికి నవ్వు రాబోయి మధ్యలోనే ఆగిపోయింది. "మరి ఆ రోజు మొహం కూడా చూడలేదు."

"ఎలా చూడను? అక్కడ నాన్న నడుం పట్టుకుని ఉన్నాడు. మీరు నిలబడి ఒప్పుకున్నారు. నేనేమో ఒప్పుకోలేక మొలకలు ఏరుతూ కూర్చున్నాను. వాటిలో బతికిన మొలకలు కూడా పీకేశాను తెలుసా."

"నాన్నగారికి చెప్పారా?"

"ఆ రాత్రే చెప్పేశాను. అంతా విని, పడీపడీ నవ్వి, నవ్వితే నడుం నొస్తోందని నన్నే తిట్టాడు."

"అయితే ఫోన్ చేయొచ్చు కదండీ."

"ఏమని చేయను? అంతా బాగానే ఉంది, రండి అనా?"

"అలాగే చేయాల్సింది."

లోపల్నుంచి తండ్రి గొంతు వినిపించింది. "టీ పొడి ఎక్కడుందమ్మా?"

"పై అరలో."

"కనపడటం లేదు."

"మెల్లగా వెతుకు నాన్నా."

"సరే, మెల్లగానే వెతుకుతాను," అన్నాడు ఆయన.

వాన కాస్త తెరిపిచ్చి మళ్లీ అందుకుంది. ఆమె గోడకు ఆనించిన మడత కుర్చీని తెచ్చి అతనికి వేసింది. తను ఇంకోటి వేసుకుంది.

"రేపు కూడా వానేనట," అంది. "నారుకు నీళ్లు అక్కర్లేదు. ఇక్కడ చేయాల్సిన పని కూడా ఏమీ ఉండదు. రేపు రండి."

"ఏం పాడవుతుందని?"

"ఏమీ పాడవదు," అంది ఆమె, ఈసారి అతని మొహంలోకే చూస్తూ. "రండి."